కొత్త కిడ్నీ, కొత్త కార్నియా: ఒళ్లు దేన్ని ఎక్కువ శంకిస్తుంది?

తిరుపతిలో మా మామయ్యకు అత్తయ్య కిడ్నీ ఇచ్చారు. పక్కింటి పెద్దాయనకు దాత కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) అమర్చారు. ఇద్దరి ఒంట్లోనూ పరాయి కణజాలమే, కానీ రోగనిరోధక వ్యవస్థ రెండింటినీ ఒకేలా చూడదు.

కిడ్నీలోకి క్షణక్షణం రక్తం వస్తుంది. దానితోపాటే వచ్చే టీ కణాలు, అంటే రోగనిరోధక వ్యవస్థ సైనికులు, కిడ్నీ కణాల మీది హెచ్‌ఎల్‌ఏ గుర్తులు తమవి కావని పసిగట్టి దాడికి దిగుతాయి. అందుకే ఉదయం 8కి, రాత్రి 8కి ఫోను మోగితే మామయ్య కొండ బస్సులో ఉన్నా ఆ దాడిని అణిచే టాక్రోలిమస్ మందు డబ్బా తీస్తారు. కిడ్నీ ఉన్నన్నాళ్లూ ఇంతే. తిరస్కరణ మొదలైనా నొప్పి ఉండకపోవచ్చు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టే వ్యర్థం) పెరిగితేనే తెలియవచ్చు. నాకు భయమంతా ఆ నిశ్శబ్దం గురించే. 1954లో బోస్టన్‌లో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి ఏకరూప కవలల మధ్య జరిగింది కాబట్టే ఈ పోరు తలెత్తలేదు.

ఆరోగ్యంగా ఉన్న కార్నియాలో రక్తనాళాలే ఉండవు. సైనికులకు దారే లేదన్నమాట. 1905లోనే ఈ మార్పిడి ఫలించింది. పెద్దాయనకు స్టెరాయిడ్ చుక్కలు చాలు, హెచ్‌ఎల్‌ఏ సరిపోల్చడం సాధారణంగా అవసరం రాదు. అయితే కార్నియాలోకి రక్తనాళాలు పాకితే ఈ రక్షణ సడలుతుంది. కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.