పిక్‌ల ధర చెప్పే కాటా: కుర్ర టాకిల్‌ను ఉంచుకోవాలా, అమ్ముకోవాలా అన్నది జిమ్మీ జాన్సన్ చార్ట్‌తో తేలుతుందా?

డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే వార్షిక కార్యక్రమం, ఒక్కో వంతు ఒక పిక్) దగ్గరపడిందంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ అభిమానుల ఫోన్లలో ఒక పట్టిక తెరుచుకుంటుంది. ఒకటో పిక్‌కు 3000 పాయింట్లు, రెండోదానికి 2600, పదోదానికి 1300, 16వదానికి సరిగ్గా 1000, మొదటి రౌండు చివరన ఉండే 32వదానికి 590, వందోదానికి 100. అలా దిగుతూ దిగుతూ ఆఖరి రౌండుకు వచ్చేసరికి మిగిలేది చిల్లరే. దీన్ని జిమ్మీ జాన్సన్ చార్ట్ అంటారు. పేరు అప్పటి డాలస్ కౌబాయ్స్ కోచ్‌ది గానీ, 1991లో లెక్క కట్టింది మైక్ మెకాయ్. ఆయన ఆ జట్టులో వాటాదారు, యజమాని జెర్రీ జోన్స్‌కు చమురు వ్యాపారంలో భాగస్వామి. అప్పట్లో కౌబాయ్స్ ఆఫీసు ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో ఉండేది. ఇవాళ అదే పేటలో సాయంత్రం నడకకు వెళ్తే తెలుగు మాటలు బాగానే వినిపిస్తాయి.

చార్ట్‌కు పైసా ఖర్చు లేదు, వెతికితే క్షణంలో దొరుకుతుంది. పిక్‌కు పిక్ మార్చుకునే బేరాల్లో దీనికి వంక పెట్టాల్సిన పని లేదు. ఇక్కడ మాత్రం దాన్ని కష్టమైన పని మీద పరీక్షిస్తున్నాం: చేతిలో ఉన్న కుర్ర అఫెన్సివ్ లైన్‌మన్‌ను అట్టే పెట్టుకోవాలా, వదిలించుకోవాలా? లైన్‌మన్లంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు కాపలాగా వరుసలో నిలిచేవాళ్లు: మధ్యలో సెంటర్, అతని పక్కన గార్డ్‌లు, రెండు చివర్లా టాకిల్స్.

ముందు ఇది ఏ రకం లెక్కో తెలియాలి. అంతకుముందు జరిగిన ట్రేడుల్లో ఏ పిక్ ఎంతకు చేతులు మారిందో చూసి మెకాయ్ ఈ అంకెలు వేశాడు. గుంటూరు మిర్చి యార్డులో రాసిపెట్టే ధరల బోర్డు లాంటిదన్నమాట. జట్లు ఎంత పెట్టి కొన్నాయో అందులో ఉంటుంది, ఆ పిక్‌తో వచ్చిన కుర్రాడు తర్వాత ఎలా ఆడాడో ఉండదు. ఆటగాడికంటూ అసలు గడే లేదు. అతని విలువను మనమే పిక్‌లలోకి మార్చి కాటా మీద పెట్టాలి.

పరీక్షకు ఓర్లాండో బ్రౌన్ జూనియర్ కంటే మంచి కేసు దొరకదు. డ్రాఫ్ట్‌కు ముందు కుర్రాళ్లకు శారీరక పరీక్షలు పెట్టే స్కౌటింగ్ కంబైన్‌లో, 2018లో, 40 గజాల పరుగుకు 5.85 సెకన్లు తీసుకున్నాడు, బెంచ్ ప్రెస్ 14 సార్లతో ఆగిపోయాడు. టాకిల్‌కు ఇవి మరీ నాసి అంకెలు. దాంతో మూడో రౌండుకు జారిపోయి, 83వ పిక్‌తో బాల్టిమోర్ రేవెన్స్‌కు దక్కాడు. అక్కడ రైట్ టాకిల్‌గా కుదురుకుని 2019, 2020ల్లో లీగ్‌లోని మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. 2020 నవంబరు 1న లెఫ్ట్ టాకిల్ రానీ స్టాన్లీ చీలమండ దెబ్బతింది. 98.75 మిలియన్ డాలర్ల కొత్త కాంట్రాక్టు మీద అతను సంతకం పెట్టి అప్పటికి రెండు రోజులే. బ్రౌన్ ఎడమవైపుకు మారి సీజన్ లాక్కొచ్చాడు. ఆ తర్వాత తాను లెఫ్ట్ టాకిల్‌నని బాహాటంగానే ప్రకటించాడు. ఆ కుర్చీ స్టాన్లీది, కాబట్టి ట్రేడ్ చేయమన్నాడు.

2021 ఏప్రిల్‌లో కాన్సాస్ సిటీ చీఫ్స్‌తో బేరం కుదిరింది. రేవెన్స్‌కు ఆ ఏటి 31, 94, 136 పిక్‌లు, మరుసటి ఏడాది ఐదో రౌండు పిక్ వచ్చాయి. చీఫ్స్‌కు బ్రౌన్‌తోపాటు 58వ పిక్, మరుసటి ఏడాది ఆరో రౌండు పిక్ వెళ్లాయి. చార్ట్ తీయండి. 31కి 600, 94కి 124, 136కి 38, మొత్తం 762. అందులోంచి 58వ పిక్ తాలూకు 320 తీసేస్తే 442. మరుసటి ఏటి ఐదో రౌండు, ఆరో రౌండు పిక్‌ల మధ్య తేడా చిల్లరే, దాన్ని పక్కన పెట్టేయొచ్చు. అంటే 24 ఏళ్ల ప్రో బౌల్ టాకిల్ దాదాపు 46వ పిక్ ధరకు, రెండో రౌండు నడిమధ్య ధరకు పోయాడు.

ఇక రెండో పళ్లెం. ఉంచుకుని ఉంటే 2021లో జీతం 3.384 మిలియన్లే. మొదటి రౌండు తర్వాత వచ్చినవాళ్లు బాగా ఆడితే నాలుగో ఏట దానంతట అదే పెరిగే జీతం అది, అయినా టాకిల్ మార్కెట్ ముందు అది కారుచౌక. కాంట్రాక్టు ముగిశాక వేరే జట్టుకు వెళ్లిపోతే పరిహారంగా వచ్చే పిక్ మహా అయితే మూడో రౌండు చివరిది, చార్ట్‌లో ఓ 100. అదీ 2023 డ్రాఫ్ట్‌లో, రేవెన్స్ అదే స్థాయి ఆటగాణ్ని బయట నుంచి కొనకుండా ఉంటేనే. 442లోంచి ఆ 100 తీసేస్తే 340 చిల్లర. బ్రౌన్ ఒక్క సీజన్ ఆటకు చార్ట్ కట్టిన ధర ఇది. అలిగిన ఆటగాడు, ఒక్క ఏడాదే మిగిలిన కాంట్రాక్టు... అమ్మేయమనే చెబుతుంది కాటా.

చార్ట్ చతికిలపడేది సరిగ్గా ఇక్కడే. ఖాళీ అయిన కుర్చీలో ఎవరు కూర్చుంటారన్న గడి దానికి లేదు. రేవెన్స్ రెండేళ్లకు 14 మిలియన్లిచ్చి అలెహాండ్రో విల్లానువేవాను తెచ్చుకుంది. పిట్స్‌బర్గ్‌లో ఆరేళ్లు లెఫ్ట్ టాకిల్‌గా ఆడినవాణ్ని కుడివైపు నిలబెట్టింది. బయటి నుంచి చూస్తే అద్దం తిప్పినంత సులువనిపిస్తుంది. ఎడమవైపు టాకిల్ ఎడమ కాలు వెనక్కి పెట్టి కాచుకుంటాడు, క్వార్టర్‌బ్యాక్ మీదకు దూకే పాస్ రషర్ బయటి నుంచి చుట్టుకొస్తుంటే ఆ కాలితోనే వెనక్కి జరుగుతాడు, కుడి కాలు ఊతంగా నిలుస్తుంది. కుడివైపుకు మారిస్తే ఊతకాలు జరిగే కాలవుతుంది, ముందు తగలాల్సిన చెయ్యీ మారుతుంది. ఏళ్లుగా ఒళ్లు మరిగిన అలవాటును ఒక్క వేసవిలో తిరగరాయాలి. మొదటి మ్యాచ్‌లో లాస్ వెగాస్ రైడర్స్ డిఫెన్సివ్ ఎండ్ మ్యాక్స్ క్రాస్బీ ఎదురుగా అది ఎంత కష్టమో కనబడింది. పైగా ఆ ఒక్క మ్యాచ్‌తోనే స్టాన్లీ సీజన్ ముగిసింది. విల్లానువేవాను ఎడమవైపుకు మార్చారు, కుడివైపు మళ్లీ వెతుకులాట. ఆ ఏడాది రేవెన్స్ 8 గెలిచి 9 ఓడింది. రన్నింగ్ బ్యాక్‌ల నుంచి క్వార్టర్‌బ్యాక్ దాకా గాయాలు చాలానే ఉన్నాయి గనుక తప్పంతా ఈ ట్రేడ్ మీదకు నెట్టడం న్యాయం కాదు. కానీ చీలమండ దెబ్బతిన్న లెఫ్ట్ టాకిల్ తిరిగి వస్తున్న ఏడాదే రెండో టాకిల్‌ను అమ్ముకుంటే బీమా చేతులారా వదులుకున్నట్టే. దానికి పాయింట్లు వేసే వరస చార్ట్‌లో ఎక్కడా లేదు.

కొనేవాడి ఆకలి కూడా దానికి తెలియదు. 2021 ఫిబ్రవరిలో ఇద్దరు అసలు టాకిల్స్ లేకుండా లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ ఆడి 31-9తో ఓడిన చీఫ్స్, మార్చిలో ఆ ఇద్దరినీ వదిలేసింది. అలాంటి జట్టు ముందు 442తో సరిపెట్టుకోవడం తక్కువేనని మా లెక్క. ముఖ్యంగా 58వ పిక్ తిరిగి ఇవ్వకుండా ఉండాల్సింది. దాంతో చీఫ్స్ నిక్ బోల్టన్‌ను తీసుకుంది. 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో చేజారిన బంతిని అందుకుని 36 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసింది అతనే. సీజన్‌లో 70 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేసిన ప్రత్యర్థి ఈగిల్స్‌కు ఆ రోజు ఒక్కటీ దక్కలేదు, లెఫ్ట్ టాకిల్ బ్రౌన్.

రాబోయే ఏళ్ల పిక్‌ల దగ్గర చార్ట్ ఇంకా బలహీనం. ఏడాది ఆలస్యానికి ఒక రౌండు తగ్గించి లెక్కేయడం వాడుక. 2019 ఆగస్టు చివర్లో మయామీ డాల్ఫిన్స్ 25 ఏళ్ల లారెమీ టన్సిల్‌ను హ్యూస్టన్ టెక్సన్స్‌కు ఇచ్చిన బేరంలో ప్రధాన సరుకు 2020, 2021 మొదటి రౌండు పిక్‌లు, 2021 రెండో రౌండు పిక్. టెక్సన్స్ అంతకుముందు ఏడాది 11 మ్యాచ్‌లు గెలిచిన జట్టు, కాబట్టి అన్నీ రౌండు చివరి పిక్‌లే అనుకున్నారు. మొదటిది అలాగే 26 దగ్గర పడింది. 2020లో హ్యూస్టన్ నాలుగే గెలవడంతో మిగిలినవి 3, 36 అయ్యాయి. 700, 2200, 540 కలిపితే 3440. ఒకటో పిక్ కంటే ఎక్కువ! పైగా అంత ఇచ్చి తెచ్చుకున్నాక జీతం దగ్గర బేరమాడే బలం హ్యూస్టన్‌కు ఏముంటుంది? 2020లో మూడేళ్లకు 66 మిలియన్లు రాసివ్వాల్సి వచ్చింది. కుర్ర టాకిల్‌ను అమ్మే జట్టు అవతలి జట్టు క్వార్టర్‌బ్యాక్ ఆరోగ్యం, కోచ్ ఉద్యోగం ఎంత గట్టివో కూడా చూసుకుని ఏ ఏడాది పిక్ అడగాలో తేల్చుకోవాలి.

జీతాల సంగతికి ఓవర్ ది క్యాప్ సైట్ తోడు పెట్టుకోక తప్పదు. అదీ ఉచితమే. ఆటగాడి పేజీలో జూన్ 1కి ముందు, తర్వాత ట్రేడ్ చేస్తే ఎంత డెడ్ మనీ (ఆటగాడు వెళ్లిపోయినా జట్టు జీతాల పరిమితి అయిన క్యాప్‌లో లెక్కకు వచ్చే సొమ్ము) మిగులుతుందో విడివిడిగా చూపిస్తుంది. సైనింగ్ బోనస్‌ను కాంట్రాక్టు ఏళ్ల మీద సమానంగా పరుస్తారు. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడి నాలుగేళ్ల తొలి (రూకీ) ఒప్పందంలో రెండేళ్లయ్యాక అమ్మితే మిగిలిన సగం బోనస్ అమ్మినవాడి క్యాప్ మీదే పడుతుంది, కొన్నవాడు జీతం ఒక్కటే భరిస్తాడు. కాబట్టి అమ్మేవాడు ఆ మేరకు ఎక్కువ పాయింట్లు అడగాలి.

మొదటి రౌండు కుర్రాడైతే మూడో సీజన్ తర్వాత మే మొదట్లోగా ఐదో ఏటి ఆప్షన్ (ఒప్పందాన్ని ఇంకో ఏడాది పొడిగించే హక్కు) తేల్చాలి, తీసుకుంటే ఆ మొత్తానికి పూర్తి గ్యారంటీ. ఇందులో ఒక మెలిక ఉంది. టాకిల్, గార్డ్, సెంటర్ అని తేడా లేకుండా లైన్‌మన్లందరికీ ఒకే గాటన లెక్క కడతారు. అందుకే రెండు ప్రో బౌల్‌ల సెంటర్ టైలర్ లిండర్‌బామ్‌కు ఆప్షన్ 23 మిలియన్లు దాటింది, 2025లో రేవెన్స్ వద్దనుకుంది. గార్డ్, సెంటర్ల విషయంలో నిర్ణయం ఏడాది ముందే తీసుకోవాలి. టాకిల్ అయితే ఆప్షన్ తీసుకుని ఆగడం నయం.

మరీ ఆగినా నష్టమే. అప్పటికే ఏడుసార్లు ప్రో బౌల్‌కు ఎంపికైన టాకిల్ ట్రెంట్ విలియమ్స్, వాషింగ్టన్‌తో గొడవపడి 2019 అంతా ఆడలేదు. 2020లో అతన్ని ట్రేడ్ చేస్తే వాషింగ్టన్‌కు వచ్చినవి ఒక ఐదో రౌండు, ఒక మూడో రౌండు పిక్‌లే.

మా రేటింగ్ 5కి 3. పిక్ పళ్లెంలో వేసినదాన్ని సరిగ్గానే తూస్తుంది, ఆటగాడి పళ్లెం నింపుకోవడం మన పని. ఓవర్ ది క్యాప్ వాళ్ల ఫిట్జెరాల్డ్-స్పీల్‌బర్గర్ చార్ట్ ఆటగాళ్ల రెండో కాంట్రాక్టుల ఆధారంగా కట్టింది కనుక ఈ పనికి దానికి మరో అర మార్కు ఎక్కువ. రెండింటినీ మాత్రం కలపొద్దు. రెండూ 3000 దగ్గరే మొదలవుతాయి, రెండోది చాలా నెమ్మదిగా దిగుతుంది. ఒక పిక్ ఇందులోంచి, ఇంకోటి అందులోంచి తీసి కూడితే బేరం తలకిందులవుతుంది. సేవ్ చేసుకునే ముందు 16 ఎదురుగా 1000, 32 ఎదురుగా 590 ఉన్నాయో లేదో చూసుకోండి.