వెడల్పు మార్జిన్ బైబిల్: కొనే ముందు, రాసే ముందు

ప్రార్థనలో మనసుకు తట్టిన మాట, కలలో కనబడినది, సహవాసంలో ఎవరో ప్రవచనంగా చెప్పినది, ఇవన్నీ వాక్యంతో సరిచూసుకోవాలని అందరూ చెబుతారు. ఎలాగో చెప్పేవాళ్లు తక్కువ. ఆ పనికి వెడల్పు మార్జిన్ బైబిల్, అంటే పేజీ అంచున రాసుకునే ఖాళీ ఎక్కువగా ఉన్నది, చాలా బాగా పనికొస్తుంది, సరైనది ఎంచుకుంటే.

రాసుకునే చోటు పెంచడానికి కొన్ని ముద్రణల్లో రిఫరెన్సులు, అంటే అదే విషయం చెప్పే వేరే వచనాల నంబర్లు, తీసేస్తారు. అలాంటిది తీసుకోవద్దు. హత్తుకున్న వచనం మిగతా లేఖనాలతో కలుస్తుందో లేదో చూడటమే అసలు పరీక్ష, దానికి దారి రిఫరెన్సులే. మార్జిన్ అంగుళం ఉంటే చాలు. బైండింగ్ మాత్రం కుట్టుదే కావాలి. జిగురుతో అంటించినదైతే ఆదికాండము దగ్గర పరుచుకోదు, చేత్తో నొక్కిపట్టి రాయాలి.

కాగితం పల్చన కాబట్టి జెల్ పెన్ను, తడి హైలైటర్ అవతలి పేజీకి దిగుతాయి. బాల్‌పెన్ గట్టిగా నొక్కితే గాడి పడుతుంది. సన్నమొన పిగ్మెంట్ పెన్ను, రంగు పెన్సిళ్లు నయం. పేజీ కింద అట్టముక్క పెట్టుకోండి, పెన్నును ముందు చివరి ఖాళీ పేజీలో పరీక్షించండి.

ఇక రాయడం. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. అనుభవమంతా మార్జిన్‌లో రాస్తే, మళ్లీ ఆ పేజీ తీసినప్పుడు కళ్లు ముందు చేతిరాత మీదికే పోతాయి. ఆ తర్వాత వచనం మన అనుభవాన్నే చెబుతున్నట్టు వినబడుతుంది. అందుకే అనుభవాన్ని విడిగా నోట్‌బుక్‌లో తేదీతో, అర్థం చెప్పకుండా, ఉన్నదున్నట్టు రాయాలి. మార్జిన్‌లో తేదీ, నోట్‌బుక్ పేజీ నంబరు చాలు, అవీ పెన్సిల్‌తోనే.

యిర్మీయా 29:11 చూడండి. సొంత వాగ్దానంగా చాలామంది గీత గీసుకునే వచనం. పై వచనంలోనే 70 ఏళ్ల మాట ఉంది, ఆ ఉత్తరం బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసింది. 8వ వచనం కలలు కనేవాళ్ల మాట వినొద్దంటుంది. అధ్యాయం మొత్తం చదవకుండా పక్కన తేదీ వేయకూడదు.

అలాగని అనుభవాన్ని కొట్టిపారేయడమూ వాక్యానుసారం కాదు. యిర్మీయా 32లో పొలం కొనమని చిన్నాన్న కొడుకు హనమేలు వస్తాడన్న మాట ముందే ప్రవక్త యిర్మీయాకు వచ్చింది. హనమేలు నిజంగా తానున్న చెరసాల ప్రాంగణానికి వచ్చి అడిగాకే, అది యెహోవా వాక్కని తెలుసుకున్నానని యిర్మీయా అంటాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చింది ఆ తర్వాతే. అపొస్తలుల కార్యములు 15లోనూ అన్యజనుల మధ్య దేవుడు చేసినదాని గురించి పేతురు, పౌలు, బర్నబా చెప్పింది విన్న తర్వాత యెరూషలేము సంఘ పెద్ద యాకోబు ప్రవక్తల మాటలను దాని పక్కన పెడతాడు.

చెప్పింది జరిగినంత మాత్రాన కూడా చాలదు. సూచన నెరవేరినా, వేరే దేవతల వైపు లాగితే వినొద్దని ద్వితీయోపదేశకాండము 13 చెబుతుంది. 1 కొరింథీయులకు 14:29 ప్రకారం వివేచించే పని తక్కినవాళ్లది కూడా. కాబట్టి నోట్‌బుక్ పేజీని వాక్యం తెలిసిన ఇద్దరు ముగ్గురు పెద్దలకు చూపించండి. వాళ్లూ సరేనన్నాకే పెన్సిల్ గుర్తు మీద పెన్ను పెట్టండి. నిలబడనివి చెరిపేయండి, కాగితం చిరగకుండా మెత్తటి రబ్బరుతో.

మార్జిన్ కోసం కొన్నిటిలో అక్షరం బాగా చిన్నది చేస్తారు. చూపు ఆననివాళ్లు పెద్ద అక్షరాల రిఫరెన్స్ బైబిల్, ఒక నోట్‌బుక్ తీసుకుంటే ఇదే పని జరుగుతుంది.