టాహోకు ఒకే జత స్కీలు: మాంత్రానా, క్యూఎస్‌టీనా?

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలి బే ఏరియా మిత్రులు ప్రతి శీతాకాలం అడిగే ప్రశ్న ఇది: సియెరా కొండల్లోని టాహోలో మంచు మీద జారడానికి వోల్క్‌ల్ కంపెనీ మాంత్రా స్కీలు కొనాలా, సాలమన్ కంపెనీ క్యూఎస్‌టీ స్కీలు కొనాలా? అద్దె స్కీలతో కొన్ని సీజన్లు గడిపాం, కష్టమైనవని నల్ల గుర్తు పెట్టిన వాలుల మీదా దిగగలుగుతున్నాం, ఇక ఒక జత కొనాలి, అది అన్నింటికీ పనికిరావాలి అంటారు.

చర్చంతా స్కీ నడుము, అంటే దాని మధ్య భాగం, వెడల్పు చుట్టూనే తిరుగుతుంది. అది తేలికగా తేలే విషయం. 86 మి.మీ. స్కీలు చదును చేసిన వాలుకు బాగుంటాయి గానీ లోతైన మంచులో మునుగుతాయి. 106 మంచు తుపాను మర్నాటికి మాత్రమే. కాబట్టి 95–100 మధ్య.

వోల్క్‌ల్ మాంత్రా నడుము 96, సాలమన్ క్యూఎస్‌టీ 98 మోడల్‌ది 98. ఆ రెండు మిల్లీమీటర్లను పట్టించుకోకండి. అసలు తేడా లోపలుంది. మాంత్రాలో చెక్కకు తోడు టైటానల్ అనే అల్యూమినియం మిశ్రమ లోహపు చట్రం ఉంటుంది. క్యూఎస్‌టీలో పొడవునా పరచిన లోహపు రేకు లేదు.

టాహోలో ఈ లోహమే కీలకమని నా నమ్మకం. పసిఫిక్ తేమతో కురిసే ఇక్కడి మంచు బరువైనది, దాన్ని సియెరా సిమెంట్ అనేది అందుకే. మధ్యాహ్నానికి వాలంతా తడి గడ్డలవుతుంది. తేలికపాటి స్కీ కొన గడ్డకు తగలగానే పక్కకు మళ్లుతుంది, రెండు కాళ్లూ చెరో దారి పడతాయి. లోహమున్న స్కీ దాన్ని కోసుకుంటూ వెళ్లిపోతుంది. రాత్రి గట్టిపడిన మంచు మీద మర్నాడు ఉదయం అదురు తక్కువ, అంచు పట్టు తప్పదు.

క్యూఎస్‌టీని తీసిపారేయలేం. చెట్ల మధ్య, గుబ్బల వాలుల్లో చకచకా తిరుగుతుంది, కాస్త వెనక్కి వాలినా సర్దుకుంటుంది. మాంత్రా నెమ్మదిగా వెళ్తే మొండికేస్తుంది. తేలికైన ఒళ్లున్నవారికి, పొడి మంచు కురిసే యూటాకే ఎక్కువగా వెళ్లేవారికి క్యూఎస్‌టీయే చెబుతాను. టాహోకైతే నేను మాంత్రానే కొన్నాను. నార్డికా కంపెనీ ఎన్‌ఫోర్సర్ 94 కూడా లోహమున్నదే, నడుము ఒక మిల్లీమీటరు తక్కువైనా ధర కలిసొస్తే తీసుకోవచ్చు.

కొనేముందు, స్కీలను వాడి చూడటానికి ఇచ్చే డెమో దుకాణంలో రెండూ అద్దెకు తీసుకోండి. మధ్యాహ్నం రెండు గంటలకు, చిందరవందరైన ఒకే వాలు మీద ఒకదాని వెంట ఒకటి వేసుకుని దిగండి. చదును చేసిన వాలు మీద రెండూ బాగానే అనిపిస్తాయి.