లైట్ రైల్ పక్కన కాపురం: పట్టాల మీద అంబులెన్స్

మా ఇంటి ముందు నుంచి వెళ్లే లైట్ రైల్లో, అంటే వీధి మధ్యలో కార్ల పక్కనే నడిచే ట్రామ్‌లో, నాకు బాగా నచ్చింది రైలు కాదు, దాని పట్టాలు పరిచిన నేల. మా దగ్గర అది గట్టి కాంక్రీటు. పట్టాలు నేలలోకి దిగి ఉంటాయి, పైకి సన్నటి గాడి మాత్రం కనిపిస్తుంది. కార్లు దాని మీదికి రాకూడదు, అంబులెన్సులూ ఫైరింజన్లూ రావచ్చు. ఈ లైను కట్టినన్నాళ్లూ నేను తిట్టని తిట్టు లేదు. ఈ ఒక్క ఏర్పాటు చూశాక మాత్రం ఆ కోపం చాలావరకు పోయింది. బోగీల్లో ఏసీ, టికెట్లు, సీట్లు గురించి చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోను.

ముందు పని జరిగిన రోజుల సంగతి చెప్పాలి, లేకపోతే ఈ మెప్పు అతిగా అనిపిస్తుంది. రైలు పని అంటే పట్టాలు వేయడం అనుకుంటాం గానీ, మొదటి ఏడాదంతా మాకు పట్టా అన్నదే కనపడలేదు. నీళ్ల పైపులు, డ్రైనేజీ, కరెంటు కేబుళ్లు, గ్యాసు లైన్లు అన్నీ పక్కకి జరిపారు. ట్రామ్ నడవడం మొదలయ్యాక దాని కింద పైపు పగిలితే రైలు ఆపి తవ్వాలి, అందుకే ముందే జరిపేస్తారు. పైగా పట్టాల్లోంచి నేలలోకి జారే కరెంటు ఇనుప పైపుల్ని తినేస్తుంది. పాత నగరాల్లో నేల కింద ఏముందో డ్రాయింగుల్లో సరిగ్గా ఉండదు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఈ పైపుల పనే అనుకున్నదానికన్నా ఎంతో పెరిగిపోయింది. 2011లో నడవాల్సిన ట్రామ్ 2014 మే 31న మొదలైంది. ఖర్చు 77.6 కోట్ల పౌండ్లు అయింది, అదీ లైను కుదించాక. అప్పుడు వదిలేసిన ముక్క, న్యూహేవెన్ అనే పేట దాకా వెళ్లేది, 2023లో గానీ పూర్తి కాలేదు. సిడ్నీ జార్జ్ స్ట్రీట్‌లో 2015లో తవ్వడం మొదలుపెడితే మొదటి రైలు 2019 డిసెంబరులో నడిచింది. వీటితో పోలిస్తే మాకు త్వరగానే అయిందనాలి. అప్పట్లో ఎవరైనా ఆ మాట అని ఉంటే మాత్రం నేను ఊరుకునేదాన్ని కాదు.

ఎందుకంటే ఆ రోజుల్లో మా వీధి మధ్య నిలువునా కంచె ఉండేది. ఇటు ఇళ్లు ఇటే, అటు ఇళ్లు అటే. దాటే చోటు వారానికోసారి మారేది, ఫోన్ మ్యాపులో మాత్రం పాతదే చూపించేది. పక్క బిల్డింగులో ఒకాయన మెట్ల మీద పడితే, అంబులెన్స్ సరైన నంబరు దగ్గరికే వచ్చింది, కాకపోతే కంచెకి అవతలి పక్కకి. మధ్యలో ఎమర్జెన్సీ గేటు ఉంది, దానికి తాళం ఉంది, తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గరుంది, సూపర్‌వైజర్ ఇంటికెళ్లిపోయాడు. స్ట్రెచర్‌ని ఫుట్‌పాత్ మీద, గుంతల మీద పరిచిన చెక్కల మీద, మూల మలుపు దాకా మోసుకెళ్లి అటు దాటించారు. కాంట్రాక్టు వాళ్లని అందరం కలిసి నిలదీశాక తాళం తీసేసి, బోల్టు లాగితే ఊడొచ్చే ప్యానెల్ పెట్టారు. ఆ మాత్రం ఆలోచన మొదటి రోజే రావాల్సింది.

ఇక అసలు సంగతి. రైలు నడవడం మొదలయ్యాక కార్లకి ఒక్కో వైపు ఒక్కటే లేన్ మిగిలింది. ఒక్క లేన్ అంటే వెనక సైరన్ మోగినా ముందు కారు పక్కకి తప్పుకోవడానికి చోటుండదు. ఇటు ఫుట్‌పాత్ గట్టు, అటు పట్టాల గట్టు. ఈ రోడ్డులో అంబులెన్సుల పని అయిపోయినట్టే అనుకున్నాం ఇంట్లో అందరం.

మా అత్తయ్యకి గుండె బలహీనం. ఒంట్లో నీరు చేరితే ఆయాసం ఎక్కువవుతుంది. ఓ సాయంత్రం సరిగ్గా ఆఫీసులు వదిలే వేళ అది ముదిరింది. అంబులెన్స్ వచ్చింది, ఆక్సిజన్ పెట్టారు, నేను పక్కన కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే కార్ల వరుస కనుచూపు మేర ఉంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డ్రైవర్ మాత్రం తాపీగా స్టీరింగ్ తిప్పి, గట్టు వాలుగా ఉన్నచోట బండిని పట్టాల మీదికి ఎక్కించేశాడు. చిన్న కుదుపు, అంతే. ఆ తర్వాత బండి ఎంత నునుపుగా వెళ్లిందంటే, రోడ్డు మీద గడగడలాడే సిలిండర్ల స్టాండు చప్పుడు కూడా ఆగిపోయింది. పక్కన కార్లన్నీ వెనక్కి పోతున్నాయి. అత్తయ్య మాస్కు కాస్త ఎత్తి, "అమ్మాయ్, మనం పట్టాల మీద పోతున్నామేంటి?" అంది. అవునత్తయ్యా అన్నాను. "మరి రైలొస్తే?"

నా టెన్షనూ అదే. నిజంగానే ముందు రైలుంది. ట్రామ్‌కి ఉన్న ఇబ్బందేమిటంటే అది పక్కకి తప్పుకోలేదు. సైరన్ విన్నా చేయగలిగినవి రెండే, ముందుకు పోవడం లేదా ఆగిపోవడం. ఆ ట్రామ్ డ్రైవర్ గంట కొట్టి, వేగం పెంచి, తర్వాతి స్టాపు దాకా వెళ్లి అక్కడ ఆపాడు. మా అంబులెన్స్ డ్రైవర్ స్టాపుకి ముందే పక్క పట్టాల మీదికి మారి, ఎదురుగా ఏమీ రాకపోవడం చూసుకుని, దాన్ని దాటేసి మళ్లీ మా వైపుకి వచ్చాడు. ఇది కుదరడానికి కారణం మా దగ్గర కరెంటు తీగల స్తంభాలు ఫుట్‌పాత్ అంచున ఉండడం. అవే పోయే పట్టాలకీ వచ్చే పట్టాలకీ మధ్య వరసగా పాతి ఉంటే మారడానికి సందే ఉండేది కాదు, ఆ రైలు తోక పట్టుకుని పోవాల్సిందే. డిజైన్ చేసేటప్పుడు స్తంభం ఎక్కడ నాటాలన్నది అందానికి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది గానీ, దాని విలువ నాకు ఆ రోజు తెలిసింది. గుండె ఆగిపోయిన మనిషికి షాక్ ఇవ్వడం ఒక్కో నిమిషం ఆలస్యమైతే బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా తగ్గుతుందంటారు. అత్తయ్యకి అంత ప్రమాదం రాలేదు, కానీ ఆ బండిలో కూర్చున్నవాళ్లకి ఆ లెక్కే గుర్తొస్తుంది.

జంక్షన్లో సిగ్నల్ కూడా మా కోసం మారింది. మామూలుగా అక్కడ ట్రామ్‌కే ముందు దారి. అంబులెన్స్ వస్తే దానిదే పైచేయి అయ్యేలా పెట్టారు. బాగుంది అనుకుంటూ ఉండగానే బండి పట్టాలు దిగి కార్ల మధ్యకి వచ్చేసింది. ఏమైందని అడిగితే, "ఇక్కణ్నుంచి గడ్డి కదండీ" అన్నాడు అటెండర్.

లైను కొత్తలో చుట్టాలెవరొచ్చినా నేను ముందు చూపించింది ఆ గడ్డి ముక్కే. పట్టాల మధ్య పచ్చిక, ఎండాకాలంలో చల్లగా ఉంటుంది, రైలు చప్పుడు కూడా అక్కడ తక్కువే. అదంతా ఇప్పటికీ నిజమే. కాకపోతే ఆ పచ్చిక కింద మట్టి ఉంది, బరువైన బండి చక్రం దిగబడుతుంది. ఫైరింజన్ల దారుల్లో గడ్డి పెంచాలంటే బరువు మోసే జాలీ దిమ్మెలు వేసి వాటి సందుల్లో పెంచుతారు. ఇక్కడ అవి వేయలేదు. దాంతో ఆస్పత్రి కనిపించేంత దూరంలో ఉండి కూడా, కార్లు ఒక్కొక్కటే కదులుతుంటే వాటి వెనక నిలబడ్డాం. అప్పటిదాకా మిగిల్చుకున్న సమయంలో చాలా భాగం అక్కడే పోయింది. అత్తయ్య తర్వాత కోలుకుని ఇంటికొచ్చింది. ఇప్పుడు ఆ గడ్డి మీదుగా రైల్లో వెళ్తూ, "దీన్ని మేపడానికి నాలుగు మేకల్ని వదిలితే సరి" అంటుంది.

ఇంకో మాట. అంబులెన్స్‌కి బాగుందని ఫైరింజన్‌కీ బాగున్నట్టు కాదు. పట్టాల పైన తీగల్లో సాధారణంగా 750 వోల్టుల డీసీ కరెంటు ఉంటుంది. మూడో అంతస్తులో మంట లేస్తే నిచ్చెన బండి ఆ తీగల మధ్య నుంచి నిచ్చెన ఎత్తాలి. ఎత్తేముందు కంట్రోల్ రూమ్ కరెంటు ఆపాలి, ఆగిందని ఖాయం చేసుకోవాలి, ఎర్తింగ్ వేయాలి. మాది కింది అంతస్తు కాబట్టి నాకు నిద్ర పడుతోంది. పైనున్నవాళ్లు ఒకసారి వెనక సందులోంచి నిచ్చెన బండి వస్తుందో లేదో చూసుకోవడం మంచిది. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం 2003లో పాత పేటల్లో తీగలు లేకుండా నేలలోంచే కరెంటు అందించే ట్రామ్ నడిపింది. అది భవనాల అందం కోసం చేశారు, కానీ నిచ్చెనకి అడ్డు లేకపోవడం దాంతోపాటే వచ్చింది.

టూవీలర్ల వాళ్లకి గాడి పట్టా వానలో నరకమే. చక్రం అడ్డంగా దాటాలి, ఏటవాలుగా దాటితే జారుతుంది. మా అబ్బాయికి ఇది ఒకసారి చెబితే సరిపోలేదు, మోకాలు చెబితే అర్థమైంది.

మరి బాగుందా బాలేదా అంటే, మా ఇంటి వరకు బాగుంది. మేం కాంక్రీటు ముక్క మీద ఉన్నాం, గట్టు వాలుగా ఉన్న చోటు మా గుమ్మానికి దగ్గర, స్తంభాలు పక్కకున్నాయి, ఇంట్లో అంబులెన్స్ అవసరమయ్యే మనిషి ఉంది. గడ్డి దాటాక ఉన్నవాళ్లు ఇదే లైనుకి ఇంత మంచి మాట చెప్పకపోవచ్చు. కంచె రోజుల్లో గిరాకీ పోయి దుకాణం మూసుకున్నవాళ్లని అయితే నేను అడగను కూడా అడగను. మీ వీధిలో ఇంకా తవ్వకాలే నడుస్తుంటే, ట్రామ్ రంగు ఏదని కాకుండా, మీ ముక్కలో కాంక్రీటా గడ్డా, స్తంభాలు ఎక్కడ, కంచె గేటు తాళంచెవి రాత్రిపూట ఎవరి దగ్గరుంటుంది అని అడగండి. మూడోదానికి జవాబు వెంటనే చెప్పలేకపోతే, ఆ గేటు మా గేటు లాంటిదే.