స్లాసన్ కూడలిలో నిప్సీ హసిల్ కోసం

లాస్ ఏంజెలెస్ చూడవచ్చిన వాళ్లంతా ముందు హాలీవుడ్‌కు పరుగెత్తుతారు. నేను మాత్రం క్రెన్‌షా, స్లాసన్ రోడ్లు కలిసే కూడలి చూడాలనే అంత దూరం వెళ్లాను. 2019 మార్చి 31న ర్యాపర్ నిప్సీ హసిల్‌ను అక్కడే, తన బట్టల దుకాణం ముందే కాల్చి చంపారు. అప్పటికి అతని వయసు 33 ఏళ్లు. ఆ కూడలికి ఇప్పుడు అతని పేరే పెట్టారు.

మొదటి రాత్రి విమానాశ్రయం దగ్గర ఒక మోటెల్‌లో దిగి పొరపాటు చేశాను. పంపిస్తామన్న వాహనం కోసం గంటకు పైగా సామానుతో నిలబడ్డాను. గదిలో విమానాల హోరుకు కన్ను మూతపడలేదు. మర్నాడే లెమర్ట్ పార్క్ అనే పేటలో ఒక ఇంట్లో గది తీసుకున్నాను. చిన్న గదే కానీ శుభ్రంగా ఉంది. యజమానురాలు పెద్దావిడ, ఎక్కడెక్కడ నిప్సీ బొమ్మలున్నాయో కాగితం మీద గీసి చేతిలో పెట్టారు. ఆదివారం సాయంత్రం అక్కడి పార్కులో జనం గుండ్రంగా చేరి వాయించే డోళ్ల మోత వినాలంటే బస ఇక్కడే మేలు.

అక్కడి నుంచి కె లైన్ మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్లి హైడ్ పార్క్‌లో దిగితే కూడలి ఎదురుగానే ఉంటుంది. టికెట్టు 1.75 డాలర్లు. రెండు గంటల లోపు రైలు మారినా మళ్లీ కట్టనక్కరలేదు.

దుకాణం మూసి ఉంది. అయినా నేను రెండు గంటలు అక్కడే తిరిగాను. కుర్రతనంలో కారు డిక్కీలో సీడీలు పెట్టుకుని అతను అమ్మింది ఈ ఆవరణలోనే. అక్కడే కొట్టు అద్దెకు తీసుకున్నాడు, చివరికి భాగస్వామితో కలిసి ఆ ఆవరణనే కొన్నాడు. 2013లో ఒక మిక్స్‌టేప్‌ను, అంటే సొంతంగా విడుదల చేసిన పాటల సంకలనాన్ని, ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తూనే, వెయ్యి కాపీలు వేసి ఒక్కోటి వంద డాలర్లకు అమ్మాడు. అందులో వంద కాపీలు పేరుమోసిన ర్యాపర్ జే-జీ కొన్నాడు. తానూ ఒకప్పుడు ఈ వీధుల ముఠాలోనే ఉన్నానని నిప్సీ ఏనాడూ దాచలేదు. అలాంటివాడు 2018లో ఇదే పేటలో కొత్త వ్యాపారాలు పెట్టుకునేవాళ్లకు పని చేసుకునే చోటు, పిల్లలకు సైన్సు, గణితం నేర్పే కేంద్రం తెరవడంలో ముందు నిలిచాడు. ముఠాల హింస గురించి పోలీసు అధికారులతో మాట్లాడాల్సిన రోజుకు ముందురోజే హత్యకు గురయ్యాడు. తరువాత కొద్ది రోజులకే, ఏళ్ల తరబడి పగలు పెంచుకున్న ముఠాల వాళ్లు కలిసి నడుచుకుంటూ ఇక్కడికి వచ్చారు. పాటలో చెప్పిన మాటను తన వీధిలో చేసి చూపించినందుకే నాకు అతనంటే అంత గౌరవం.

ఒక గోడ బొమ్మ దగ్గర ఒక తండ్రి అయిదారేళ్ల కొడుకును ఎత్తుకుని, వాడి అరచేతిని రంగుల్లోని నిప్సీ చేతికి ఆనించాడు. పక్కనే ఊచకు నీలిరంగు కాగితపు పువ్వు కట్టి ఉంది.

హాలీవుడ్‌కు మూడు రైళ్లు మారి వెళ్లాను. 2022 ఆగస్టు 15న, అతని పుట్టినరోజున, ప్రముఖుల పేర్లతో నక్షత్రాలు పొదిగే అక్కడి కాలిబాటలో నిప్సీ పేరుతోనూ ఒకటి పొదిగారు. గౌరవమే, కాదనను. కానీ జనం దాన్ని తొక్కుకుంటూ పోతున్నారు. పది నిమిషాలు చాలు.

తిరుగు ప్రయాణం రోజు విమానాశ్రయానికి వెళ్తూ దారిలో మళ్లీ హైడ్ పార్క్‌లో దిగాను. పాత పువ్వు రంగు వెలిసింది. దాని పక్కనే ఎవరో కొత్తది కట్టి వెళ్లారు.