మిద్దె మీద నిమ్మ, కల్యామాకు, మల్లె: ఏ కుండీ మేలు?

బెండకు, టమాటాకు ఏ కుండీ అయినా నాలుగు నెలలు నెట్టుకొస్తుంది. నిమ్మ, దానిమ్మ, కల్యామాకు (కరివేపాకు), మల్లె అలా కాదు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి అందులోనే బతకాలి, అదీ నల్లగొండ, పాలమూరు ఎండల్లో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మిద్దె మీద వేర్లు తట్టుకుంటాయా లేదా అన్నది ముందు చూడాలి, ధర సంగతి తర్వాత.

గ్రో బ్యాగు, అంటే మొక్కలు పెంచే ప్లాస్టిక్ సంచి, చవక, తేలిక, మెట్లెక్కించడం సులువు. కానీ కొన్ని వేసవులు తిరిగేసరికి ఎండకు పెళుసుబారుతుంది. పిడి పట్టుకుని లాగితే కుట్టు దగ్గర పొడిపొడిగా చేతికొస్తుంది. సరిగ్గా నిమ్మ కాపుకొచ్చే వేళకు సంచి చిరిగితే, వేర్లు తెగకుండా చెట్టును మార్చడం ఎంత కష్టమో! అది ఆకుకూరలకు బాగుంటుంది, చెట్లకు వద్దు.

సిమెంటు తొట్టి గట్టిదే కానీ మిద్దెకు బరువు. పైగా కొత్త తొట్టిలోంచి సున్నం మట్టిలోకి దిగుతుంది. నిమ్మ జాతికి అది అస్సలు పడదు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందట్లేదని అర్థం.

వేరుకు అన్నిటికన్నా హాయి మట్టి కుండీ. గోడల గుండా తేమ ఆవిరవుతూ లోపల చల్లగా ఉంచుతుంది. నీళ్లు కాస్త ఎక్కువైనా వేరు తొందరగా కుళ్లదు. మల్లెకు, తులసికి నా ఓటు దీనికే. అయితే మే నెలలో రెండు పూటలా నీళ్లు పోయాలి. నాలుగు రోజులు ఊరెళ్లాలంటే టెన్షనే.

మన బోరు నీళ్ల సంగతీ ఉంది. మట్టి కుండీ బయట తెల్లగా పొర కడుతుందే, అది నీళ్లలోని ఉప్పు. ప్లాస్టిక్‌లో ఆ పొర బయటికి కనిపించదు, ఉప్పంతా లోపలే పేరుకుంటుంది. నిమ్మ, బత్తాయి ఉప్పును ఓర్చుకోలేవు, ఆకుల అంచులు మాడతాయి. ఏ కుండీ అయినా అప్పుడప్పుడు అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్లు పోసి కడిగేయాలి. మర్రిగూడ లాంటి, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుండే ప్రాంతాల్లో డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటి అందం మొక్కలు పెంచేవాళ్లు వాటికి వాన నీళ్లు పట్టి పోస్తే మంచిది. వాటి ఆకుల కొసలు ఫ్లోరైడ్‌కు ఎండిపోతాయి.

ఇక నీలం డ్రమ్ము. 200 లీటర్ల దాన్ని అడ్డంగా కోస్తే రెండు తొట్లు. నిమ్మ, దానిమ్మ, కల్యామాకులకు నేను దీన్నే ఎంచుకుంటాను. మట్టి ఎక్కువ కాబట్టి తొందరగా వేడెక్కదు, ఒక పూట నీళ్లు తప్పినా మొక్క వాలదు. కొనేముందు అందులో ఏం పోశారో అడగండి. మందులు, రసాయనాలు పోసిన డ్రమ్ము ఎంత చవకైనా వద్దు. పడమటి ఎండ తగిలే వైపు తెల్ల రంగు వేస్తే వేరు ఉడకదు. అడుగున రంధ్రాలు పెట్టి ఇటుకల మీద ఎత్తి ఉంచితే శ్లాబు చెమ్మ పట్టదు.

బరువు మాత్రం మరవకండి. తడి మట్టితో సగం డ్రమ్ము 100 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే మిద్దెకు ఇంజనీర్లు లెక్కేసే భారం చదరపు మీటరుకు 150 కిలోలే. అందుకే శ్లాబు నడుమ గుంపుగా కాకుండా, కింద గోడ గానీ బీము గానీ ఉన్నచోట వరుసగా పెట్టాలి. ఎర్రమట్టి ఒక్కటే నింపితే గట్టిపడి బరువూ పెరుగుతుంది. సగం ఎర్రమట్టి, మిగతా సగంలో మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలపండి.

ఎంత పెద్ద డ్రమ్ములోనైనా రెండు మూడేళ్లకు వేర్లు గోడ చుట్టూ జడలా చుట్టుకుంటాయి. మృగశిరలో నాలుగు వానలు పడ్డాక మొక్కను తీసి, అంచు వేర్లు కాస్త కత్తిరించి కొత్త మట్టి నింపండి. ఎండాకాలంలో ఆ పని పెట్టుకోవద్దు.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లు డ్రమ్ముల జోలికి పోకుండా ఒక మల్లె, ఒక కల్యామాకు పెద్ద మట్టి కుండీల్లో పెట్టుకోండి. ఇల్లు మారినప్పుడు ఇద్దరు పడితే ఆటోలోకి ఎక్కుతాయి.