చీర తిరగేసి చూడని పాపానికి

హైదరాబాద్‌లో చేనేత బట్టలు కొందామని వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా. హోటల్ వాళ్లు కుదిర్చిన కారెక్కి చీరల షాపుకి మాత్రం వెళ్లకండి. నేను వెళ్లాను. 11,400 రూపాయలు వదిలాయి.

వెళ్లింది ముగ్గురం. నేను, మా అత్తయ్య, మా ఆడపడుచు కూతురు. అత్తయ్య పుట్టిల్లు చీరాల, నేత కుటుంబం. పెళ్లయ్యేదాకా నేతకి దారపు కండెలు చుట్టిన చేయి ఆవిడది. పిల్ల డిజైన్ కోర్సు రెండో ఏడాది చదువుతోంది. హిమ్రూ, మష్రూ, తేలియా రుమాల్ అనే పాత నేతల మీద కాలేజీ ప్రాజెక్టు ఒకటి నెత్తిన పెట్టుకుంది. ఆ పై శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కాబట్టి నాకూ ఒక మంచి చీర కావాల్సొచ్చింది. మా ఆయన సెలవు దొరకలేదని తప్పించుకున్నాడు. బిల్లు చూశాక ఆయనకి ఆ దొరకని సెలవు మీద ప్రేమ పుట్టింది.

గురువారం శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో దిగి నేరుగా సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాం. జనమంతా అక్కడి మ్యూజికల్ గడియారం దగ్గరే గుమిగూడారు. బాగుంది, అంతే. నాకు నచ్చింది నిజాంల పాత భవనం పురానీ హవేలీ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టలు పెట్టుకున్న బీరువా ఉన్నది అక్కడే. దాన్ని బీరువా అనడం కూడా తప్పేమో, రెండంతస్తుల చెక్క వీధి అనాలి. పొడవు 176 అడుగులట. పైఅంతస్తుకి వెళ్లడానికి చేత్తో తిప్పే లిఫ్టు. ఒకసారి వేసుకున్న బట్ట ఆయన మళ్లీ వేసుకునేవాడు కాదని అంటారు. అత్తయ్య ఆ తలుపుల వరసని ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచి చూసి, "ఈ ఒక్క మనిషి కోసం ఎన్ని మగ్గాలు ఆడాయో ఏందో" అంది. బట్టలెలా ఉన్నాయో ఒక్క మాట కూడా అనలేదు.

పిల్ల మాత్రం ఊరుకోలేదు. మష్రూ అంటే 'అనుమతి ఉన్నది' అని అర్థమట. ముస్లిం మగవాళ్ల ఒంటికి పట్టు నేరుగా తగలకూడదన్న నియమం ఉండటంతో, లోపలివైపు నూలు, పైవైపు పట్టు వచ్చేలా నేశారు. హిమ్రూలో పడుగు (నిలువు దారం) నూలు, పేక (అడ్డ దారం) పట్టు. ఈ నేతలు హైదరాబాద్‌లో పూర్తిగా మూతపడకుండా కాపాడినవాళ్లలో సురయా హసన్ బోస్ ముఖ్యురాలు. దర్గా హుస్సేన్ షా వలీ దగ్గర మగ్గాలు పెట్టించి, ఎక్కువగా భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లకి నేత నేర్పించి, పాత డిజైన్లు మళ్లీ నేయించారు. 2021లో కన్నుమూశారు. "ఆవిడ ఉండగా వచ్చుంటే ఎంత బాగుండేది అత్తా" అని పిల్ల దారి పొడవునా అంటూనే ఉంది.

చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ బజారులో హిమ్రూ అడుగుతూ ఆరు షాపులు ఎక్కి దిగాం. అయిదు చోట్ల మెరిసే పాలిస్టర్ తాను పరిచి "అసలు హిమ్రూ అమ్మా" అన్నారు. ఆరో షాపులో తెల్ల గడ్డం పెద్దాయన మాత్రం మేము చేయి వేయకముందే తాను పక్కకి జరిపేశారు. "యే మిషన్‌కా హై. మీకు కావల్సింది ఇది కాదమ్మా" అన్నారు. ఏమీ కొనకపోయినా టీ తెప్పించారు. అక్కడికి ఎవరు వెళ్లినా ఆయన్ని వెతుక్కోమని చెప్పేదాన్ని. షాపు పేరు రాసుకోకపోవడం నా బుద్ధి తక్కువ.

లక్డీకాపూల్ దగ్గర మేం దిగిన హోటల్ సంగతి. ఫొటోల్లో కిటికీ కనిపించింది, నిజంగా కిటికీ ఉంది కూడా. తెరిస్తే చేయి చాపు దూరంలో జనరేటర్. రోజుకి 3,150, అదనపు మంచానికి 800. ఆ మంచం అంటే మధ్యలో గుంట పడ్డ పరుపు, దానిపై ఎవరి జుట్టో. మార్చమంటే దుప్పటి తిరగేసి పరిచాడు ఆ అబ్బాయి, మేం చూస్తుండగానే. అత్తయ్య తన పాత నూలు చీర పరుచుకుని పడుకుంది. గీజర్ పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే. శ్రావణ శుక్రవారం, ఆవిడ తలస్నానం చన్నీళ్లతోనే. ఆ రోజంతా నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

శుక్రవారం సాలార్‌జంగ్, పురానీ హవేలీ, చౌమహల్లా ప్యాలెస్ మూడూ సెలవు. ప్లాన్ వేసుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. ఆ రోజు పోచంపల్లి వెళ్దామంటే హోటల్ కౌంటర్ ఆయన ఉత్సాహంగా కారు పిలిచాడు. 8 గంటలు, 80 కిలోమీటర్లు, 2,800. ఊరికి 45 కిలోమీటర్లున్న చోటికి 80 కిలోమీటర్ల ప్యాకేజీ ఏమిటని అప్పుడే అడగాల్సింది. ఎల్బీ నగర్ దాటకముందే డ్రైవర్ మొదలుపెట్టాడు. "ఇయ్యాల అమావాస్య కదా అమ్మా, మగ్గాలన్నీ బంద్. సిటీలనే పోచంపల్లి నేతగాళ్ల షోరూం ఉంది, అదే రేటు."

వెనక సీట్లోంచి అత్తయ్య: "అమావాస్య పోయి అయిదు రోజులైంది నాయనా."

డ్రైవర్ రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత రోడ్డు తవ్వేశారన్నాడు. నేను మెత్తబడ్డాను. ఎండ, ట్రాఫిక్, అత్తయ్య మోకాళ్లు, ఏ సాకైతేనేం, సరేనన్నాను.

షోరూం ముందు పెద్ద బోర్డు, ఏసీ. లోపలికి వెళ్లగానే గాజు గది, అందులో ఒక మగ్గం, దాని ముందు ఒక కుర్రాడు. అత్తయ్య మోకాళ్ల నొప్పని కారులోనే కూర్చుండిపోయింది. నా ఖర్మ అంతా అక్కడే ఉంది. సేల్స్‌మన్ డబుల్ ఇక్కత్ పట్టు అంటూ ఎరుపు, నలుపు చీర ఒకటి పరిచాడు. వేరే ముక్కలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి "వాసన చూడండి, పట్టే కదా" అన్నాడు. పట్టే. కానీ కాల్చింది నా చీర పోగు కాదుగా. అది అప్పుడు తట్టలేదు. 14,000 చెప్పి 11,400కి దిగాడు. అంత తగ్గించానని నేను పొంగిపోయాను. పిల్ల ఒకసారి "అత్తా, అంచు మరీ గీత గీసినట్టుంది" అని గొణిగింది. నేను వినలేదు. తను అన్నది ఎంత నిజమో తర్వాత తెలిసింది. ఇక్కత్‌లో దారానికి ముందే ముడులు కట్టి రంగు వేసి, ఆ తర్వాత నేస్తారు. ఎంత పనివాడైనా బొమ్మ అంచు ఈక కొసలా కాస్త చెదురుతుంది. కత్తితో కోసినట్టుందంటే ప్రింటు వేశారన్నమాట.

బయటికి వచ్చేసరికి అత్తయ్య కారు దిగి గాజులోంచి మగ్గాన్ని చూస్తోంది. "ఆ అబ్బాయి చేతిలో నాడె ఉంది గానీ, దాంట్లో కండె లేదమ్మాయ్. పడుగు మీద దుమ్ము చూడు ఎంత పేరుకుందో" అంది. నాడె అంటే పేక దారాన్ని అటూ ఇటూ మోసేది. అందులో కండె లేదంటే నేయడానికి దారమే లేదన్నమాట. నా చేతిలో కవర్ ఉంది. నేను కిక్కురుమనలేదు.

ఆ రాత్రి ఆవిడ చీర తిరగేసింది. పైవైపు ఎర్రగా ఉన్న ఏనుగు వెనకవైపు వెలిసిపోయిన గులాబీ రంగులో ఉంది. బిల్లు తీసి చదివాం. 'ఫ్యాన్సీ శారీ - 1'. చేనేత అని గానీ, పట్టు అని గానీ ఎక్కడా లేదు. అసలు చేనేతకి వేసే హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ లేదు, అసలు పట్టుకి వేసే సిల్క్ మార్క్ లేదు. కింద చిన్న అక్షరాల్లో 'నో రిటర్న్'. పొద్దున ఫోన్ చేస్తే, కావాలంటే వచ్చి ఇంకో చీర తీసుకోండి అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఇంతవరకు కదలిక లేదు. అసలు బిల్లు మీద ఏం రాశారో చూడకుండా కార్డు గీకకూడదు. టెన్షన్‌లో నాకు ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు, జనరేటర్ సాయం ఎలాగూ ఉంది.

శనివారం వాన. చేనేత దినోత్సవం వారం కావడంతో నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో స్టాళ్లు పెట్టారు. నాకు చీర అంటేనే చిరాకు పుట్టి రానన్నాను. పిల్ల లాక్కెళ్లింది. షామియానా చివర నీళ్లు కారుతున్న చోట యాదాద్రి జిల్లా పుట్టపాక నుంచి వచ్చిన భార్యాభర్తల స్టాల్. ఆయన పిల్లకి ఒక ఓణీ అందించి "ముక్కుకాడ పెట్టి చూడుండ్రి" అన్నాడు.

నూనె వాసన. తలకి ఆముదం రాసుకున్న ముసలమ్మ పక్కన కూర్చున్నట్టు. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద, నూనె కలిపి నూలుకి పట్టించి పిసకడం, ఎండబెట్టడం, మళ్లీ పిసకడం, ఇలా రోజుల తరబడి చేస్తారట. అందుకే తేలియా అన్న పేరు, తేల్ అంటే నూనె. అలా చేస్తేనే ఎరుపు దారానికి గట్టిగా పడుతుంది, బట్ట మెత్తబడుతుంది, ఎండలో తలకి చల్లగా ఉంటుంది. ఆయన సంచిలోంచి సగం కట్టిన దారపు పిడి తీసి చూపించాడు. సైకిల్ ట్యూబుని సన్నగా కోసిన ముక్కలతో వేసిన ముడులు, వరసగా, చీమలబారులా. రంగులో ముంచితే ముడి ఉన్నచోట తెల్లగా మిగులుతుంది. డబుల్ ఇక్కత్ అంటే పడుగుకీ కట్టాలి, పేకకీ కట్టాలి, మగ్గం మీద రెండూ కలిసేచోట బొమ్మ కుదరాలి.

అత్తయ్య ఆ పిడి చేతిలోకి తీసుకుంది. "మా నాన్న దీన్ని చిటికి కట్టడం అనేవాడు" అంది. చీరాల చౌకాలు, అంటే ఈ చదరపు రుమాళ్లు, ఓడలెక్కి అరబ్బు దేశాలకి పోయేవని, వాటి మీద గడియారం, విమానం బొమ్మలు కూడా ఉండేవని చెప్పింది. విమానం ఎందుకు అమ్మమ్మా అని పిల్ల అడిగితే, "కొత్తగా ఏది కనబడితే అది నేసేవాళ్లు. మీరు ఫోన్‌లో ఫొటో తీసుకోరూ, అట్టాగే" అంది. చీరాలలో ఆ పని దాదాపు ఆగిపోయింది, పుట్టపాక పట్టుకుని నిలబడింది. 2020లో తేలియాకి జీఐ (ఫలానా ఊరి సరుకు అన్న అధికారిక గుర్తింపు) వచ్చిందని, తమ ఊరి గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ ఇచ్చారని ఆయన తన ఇంటి సంగతిలా చెప్పాడు. మరి మీ పిల్లలు నేస్తారా అంటే, ఆయన భార్య నవ్వేసి "పెద్దోడు ఈడనే, బండి మీద ఫుడ్ డెలివరీ" అంది.

ఓణీ 4,200. అలవాటు కొద్దీ "3,900కి ఇవ్వండి" అన్నాను. అత్తయ్య మెల్లగా, వాళ్లకి వినబడకుండా, "నిన్న పదకొండు వేలు వాడి మొహాన కొట్టొచ్చావ్. ఇక్కడ మూడొందలకి నోరు తెరుస్తున్నావా?" అంది. 4,200 ఇచ్చాను. అడగకుండానే బిల్లు మీద 'చేనేత నూలు, తేలియా' అని రాసిచ్చాడు. పట్టు చీర కూడా ఉంది, 28,000. మడత విప్పించుకుని, రెండువైపులా తిప్పి చూసి, మళ్లీ పెట్టేయించాను. అందులో మోసం లేదు, నా దగ్గర డబ్బు లేదు. అత్తయ్య ఏమీ కొనలేదు. ముడులు కట్టి ఉన్న చిన్న దారం ముక్క అడిగింది. ఆయన కత్తిరించి ఇచ్చాడు. ఇప్పుడది ఆవిడ కుంకుమ డబ్బాలో ఉంది.

వ్రతానికి పాత గద్వాల చీర కట్టుకున్నాను. కొత్త చీర ఎవరికీ పెట్టబుద్ధి కావడం లేదు. ఓణీ మాత్రం వారానికోసారి పిల్ల వీడియో కాల్‌లో అడిగి చూస్తోంది, వాసన ఇంకా ఉందా అని. ఉంది, బీరువా అంతా అదే వాసన. నిన్న ఆ షోరూం నుంచి మెసేజ్ వచ్చింది: "ప్రియమైన కస్టమర్, శ్రావణమాసం ఆఫర్, అన్ని చేనేత చీరలపై 30 శాతం తగ్గింపు."